బొద్దింకల పెంపకము: దయయా? మమకారమా?

ప్రాణులయందు దయ గలిగియుండవలెనని చెప్పని ధర్మగ్రంథము లేదు. ఆ మాట విని తల యూపని గృహస్థుడును లేడు. గోవునకు గడ్డి వేయునప్పుడు, పావురములకు గింజలు చల్లునప్పుడు, లేడిపిల్ల కన్నులు చూచి మురియునప్పుడు ఆ దయ మనకు సులభముగనే కలుగును. మన మనస్సు సహింపలేని ప్రాణి యెదుట పడినప్పుడు ఆ దయ యేమగుచున్నది? అది జీవునియందలి దయయా, లేక మన కంటికి నచ్చిన రూపమునందలి ప్రీతియా? ఇది పండితులు పొద్దుపుచ్చుటకు చేయు ప్రశ్న గాదు. ఒక యింటిలో నిజముగనే పుట్టిన ప్రశ్న.

ఇటీవల నొక భాగవత సప్తాహము ముగిసి, శ్రోతలు తీర్థప్రసాదములు స్వీకరించుచుండగా, డెబ్బదియేండ్లు దాటిన యొక శ్రీవైష్ణవ గృహిణి నాయొద్దకు వచ్చి, పక్కనున్నవారు వినకుండునట్లు మెల్లగా నొక సంశయ మడిగిరి. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగి. ఆమె సంవత్సరమున ఆరుమాసములు అచ్చటనే యుందురు. పదునొకండేండ్ల మనుమడు తన గదిలో గాజుపెట్టె యుంచి, అందు బొద్దింకలను పెంచుచున్నాడట. “స్వామీ! వంటింట్లో కనబడితే చీపురుతో కొట్టే పురుగును వాడు అరచేతిలో పెట్టుకొని లాలిస్తున్నాడు. కొడుకూ కోడలూ ఏమీ అనరు. పక్కగదిలోనే నా తిరువారాధనం. ఆ ఇంట్లో పెరుమాళ్ళు వేంచేసి ఉండవచ్చునా? వాడిచేత వాటిని పారవేయించనా?” అని వారి ప్రశ్న. మనుమని అడిగితిరా యని నేననగా, అడిగితిననియు, “బామ్మా, నువ్వు రోజూ చీమల కోసం పిండిముగ్గు వేస్తావు కదా, ఇవి మాత్రం ఏం పాపం చేశాయి?” అని వాడు బదులు చెప్పెననియు, దానికి తనకు సమాధానము తోచలేదనియు ననిరి.

ఈ మాట విని నవ్వుట తగదు. ఆ తల్లి భయము నిజమైనది. ఆ బాలుని ప్రశ్నయు నిజమైనది. ప్రసాదపు వరుసలో నిలబడి నేను చెప్పిన రెండు మాటలు చాలవు గనుక ఇచ్చట కొంత విపులముగ విచారించుచున్నాను.

ముందుగా ఆ బాలుడు పెంచుచున్న ప్రాణి యెట్టిదో తెలిసికొందము. అది మన వంటింటి బొద్దింక గాదు. ఆఫ్రికాఖండమునకు తూర్పున, హిందూమహాసముద్రమునందలి మడగాస్కరు ద్వీపము దాని జన్మభూమి. అచ్చటి అడవినేలపై రాలుటాకులలోను, కుళ్ళిన దుంగలక్రిందను నివసించి, రాలిన పండ్లను తిని బ్రతుకును. రెక్కలు లేవు. రెండు మూడంగుళముల పొడవు, నిగనిగలాడు గోధుమవన్నె పెంకు. మగదానికి తలవెనుక కొమ్ములవంటి రెండు బుడిపెలుండును. ఆయువు రెండేండ్లు మొదలు ఐదేండ్లవరకు. కుట్టదు, ఎగురదు, కాళ్ళకు ముండ్లు మాత్రము గలవు. దీని విశేషము బుసకొట్టుట. ఈ జాతి ప్రాణులు ముక్కుతో గాక దేహపార్శ్వములందలి సన్నని రంధ్రములద్వారా ఊపిరి తీయును. అందొక జత రంధ్రములనుండి గాలిని బలముగ వెడలించి ఇది పామువలె బుసకొట్టును. ముట్టినప్పుడు బెదరి కొట్టు బుస యొకటి, రెండు మగవి కొమ్ములతో త్రోసికొని పోరునప్పటి బుస వేరొకటి, ఆడుదానిని చేరునప్పటిది మరియొకటి.

ఆడుది గ్రుడ్లతిత్తిని తన దేహమునందే యుంచుకొని సుమారు రెండుమాసములు మోసి, ఒక కాన్పున ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పిల్లలను కనును. పుట్టిన పిల్లలు కొంతకాలము తల్లిని ఆనుకొనియే యుండును. అవి ఆరుమార్లు కుబుసము విడిచి పెద్దవగును. విడిచిన వెంటనే దేహము పాలవలె తెల్లగా, మెత్తగా నుండును. కొన్ని గంటలు గడిచినగాని గట్టిపడి రంగు తిరుగదు. ఆ సమయమున దానిని ముట్టరాదు. పెంచువాడు తన ముచ్చటను చంపుకొని దూరముగ నుండవలెను.

పెంపకపు పద్ధతియు తెలియదగినదే. గాజుపెట్టె యడుగున కొబ్బరిపీచు పొడి పరతురు. దాగుకొనుటకు కోడిగ్రుడ్లు అమర్చు అట్టపళ్ళెములను నిలబెట్టుదురు. ఇవి గాజుగోడల నవలీలగ నెక్కగలవు గనుక పైయంచునకు లోపలివైపున వాజిలీను పూసి, గాలి పోవు మూత బిగింతురు. నీటిపళ్ళెమున దూదిగాని స్పాంజిగాని వేయుదురు. లేనిచో పసిపిల్లలు మునిగి చచ్చును. వేడిమి 25 మొదలు 30 డిగ్రీలు. కూరగాయలు, పండ్లు, కుక్కలకు పెట్టు ఎండుమేత ఆహారము. తడి యెక్కువైన బూజు, తక్కువైన కుబుసము వీడక మరణము. పదునొకండేండ్ల బాలుడు ఇన్ని నియమములను పాటించుచున్నాడన్న, మన పెరటి గోవునకైన ఇంత జాగ్రత్త చేయుచున్నామా యని అడుగక తప్పదు.

బొద్దింక యన్నంతనే మనము ఒకే ప్రాణిని తలచుకొందుము. శాస్త్రజ్ఞులు గుర్తించిన జాతులు 4,500కు పైబడియున్నవి. అందు మనుష్యుల యిండ్లను ఆశ్రయించునవి సుమారు 30 మాత్రమే. తక్కినవన్నియు అడవులలో రాలినదానిని, కుళ్ళినదానిని తిని, దానిని తిరిగి మన్ను చేయుచున్నవి. మన వంటింట తిరుగు చిన్న బొద్దింక కథ మరియు చిత్రమైనది. స్వీడను దేశపు లిన్నేయసు 1767లో దానికి జర్మనీ పేరు తగిలించెను. 2024లో వెలువడిన జన్యుపరిశోధన యొకటి, ఆ జాతి జర్మనీలో పుట్టలేదనియు, సుమారు 2,100 ఏండ్ల క్రిందట భారత, మయన్మారు ప్రాంతములందు జనుల యిండ్ల నాశ్రయించి వేరుజాతిగ నేర్పడినదనియు తేల్చినది. అనగా మన పొయ్యి వెచ్చదనము, మన యెంగిలి మెతుకులు దానిని పెంచినవి. అది ఎక్కడినుండియో వచ్చిన దొంగ గాదు, మన యింట పుట్టి లోకమంతయు వ్యాపించిన అతిథి.

మరియొకటి వినుడు. మన దక్షిణభారతపు తుప్పడవులందు నల్లని దేహముపై తెల్లని చుక్కలు గల గుండ్రని పురుగొకటి కలదు. పగలు రాలుటాకులక్రింద, వదులుమన్నులో దాగి, సంధ్యవేళ వెలికి వచ్చును. చూచినవారు పెంకుపురుగనుకొందురు. 1758లో లిన్నేయసు సైతము దానిని పెంకుపురుగులలోనే చేర్చి, లండను నగరపు మందుల వర్తకుడు, వింతవస్తువుల సంగ్రాహకుడు నగు జేమ్సు పెటివరు పేరిట వ్యవహరించెను. అది నిజమునకు బొద్దింక. ఐరోపా, అమెరికాలందు బొద్దింకలను పెంచు వేడుకగలవారు దీనిని మిక్కిలి ప్రీతితో పెంచుచున్నారు. మన నేల ముఖము చూడనివారికి ఆ పురుగు ఏ యాకులక్రింద గ్రుడ్లు పెట్టునో, పిల్ల ఎంతలోతు మన్నులో దాగునో తెలియును. దాని ప్రక్కనుండి నడచిపోవు మనకు తెలియదు. ఒక ప్రాణిని తెలిసికొనుటకు వెచ్చించిన కాలము దానియెడ చూపిన గౌరవమే యని నేను తలంతును.

మరి మన రోత మాట యేమి? ఆలంకారికులు బీభత్సరసమునకు జుగుప్స స్థాయీభావమనిరి. భావము చూచువాని హృదయమునందుండునుగాని చూడబడు వస్తువునందుండదు. బొద్దింకయందు రోత లేదు, మనయందున్నది. దానిని దానిపై పులిమి, పిదప దానిని శిక్షించుచున్నాము.

మడిని గూర్చిన సంశయము ఇచ్చటనే తీర్చుకొందము; అది పెద్దది గాదు. సకల చేతనాచేతనములును పరమాత్మకు శరీరము, ఆయన వానికి శరీరి యని శ్రీభాష్యకారులు ఉపదేశించిరి. దానికి మూలమగు బృహదారణ్యకపు అంతర్యామి బ్రాహ్మణము, సర్వభూతములును ఎవనికి శరీరమో, సర్వభూతములందు ఎవడు నిలిచి నియమించుచున్నాడో వాడే అంతర్యామి యని చెప్పుచున్నది. సర్వభూతములన్నప్పుడు బొద్దింకను విడిచి లెక్కించిన ఆచార్యుడు లేడు. కావున ఒక గదిలోని గాజుపెట్టెకు వెరచి వేరొక గదినుండి పెరుమాళ్ళు లేచిపోవుదురని భయపడ పనిలేదు. మడి యనునది ఆరాధించువాని శరీరమునకు, మనస్సునకు, తళిగ చేయు పాత్రలకు సంబంధించిన నియమము. పెట్టె వంటింటికిని, తిరువారాధనపు గదికిని దూరముగ నుండవలెను. పెట్టెను ముట్టిన పిల్లవాడు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఇది శాస్త్రమును చెప్పును, వైద్యుడును చెప్పును. దీనితో ఆ మాట చాలును.

పెద్ద ప్రశ్న యింకను మిగిలియున్నది. వంటింట కనబడినదానిని కొట్టుచు, గదిలోనిదానిని లాలించుట న్యాయమేనా? బాలుని ప్రశ్నయొక్క పదును ఇచ్చటనే కలదు. గృహస్థునకు ఐదు హింసాస్థానములు తప్పవని ధర్మశాస్త్రము: పొయ్యి, రోలు, తిరుగలి, చీపురు, నీళ్ళబిందె. వీనిని పంచసూనలందురు. ఎంత జాగ్రత్తపరుడైనను వీనిచే సూక్ష్మప్రాణుల చంపక గృహము నడుపజాలడు. ఆ దోషమునకు ప్రతిగా పంచమహాయజ్ఞములు విధింపబడినవి. అందు భూతయజ్ఞమున కుక్కలకు, కాకులకు, పురుగులకు అన్నము నేలపై ఉంచవలెనని మనువు పేర్కొనెను. ఒకే గృహస్థుడు ఒకే దినమున చీపురుతో పురుగును తెలియక చంపుచున్నాడు, తెలిసి పురుగునకు అన్నము పెట్టుచున్నాడు. ఋషులు ఈ వైరుధ్యమును దాచలేదు. లేదని నటింపను లేదు. నీ బ్రతుకు పరహింసపై నిలిచియున్నది, ఆ ఋణము నెరుగుము, తీర్చుచుండుము అనిరి. ఆ బామ్మగారి పిండిముగ్గు ఆ ఋణపు వడ్డీయే.

వంటింటి బొద్దింక అన్నముపై సూక్ష్మక్రిములను చేర్చును. దాని మలము, విడిచిన పెంకుల ధూళి కొందరు పిల్లలకు ఉబ్బసము తెచ్చును. కావున వంటింటినుండి దానిని తొలగించుట ధర్మమే. తొలగించుటకు మొదటి యుపాయము చెప్పుకాలు గాదు. రాత్రి అంట్లు మిగుల్చకుండుట, తూము శుభ్రముగ నుంచుట, చీలికలు పూడ్చుట, తడి లేకుండ జేయుట. మేత, నీరు, చీకటి లేనిచోట అది నిలువదు. మనమిచ్చిన విందునకు వచ్చినదానిని మనమే చంపి, అది దాని పాపమనుట మాత్రము న్యాయముగ తోచదు.

మహాభారతము అనుశాసనిక పర్వమున ఒక పురుగు కథ గలదు. బండి వచ్చు త్రోవలో ఒక పురుగు వడివడిగ పరుగెత్తుచుండగా వ్యాసభగవానుడు చూచి, ఏల పరుగెత్తుచున్నావని యడిగెను. బండి సవ్వడి వినబడుచున్నది, ప్రాణము నాకును ప్రియమే యని పురుగు బదులు చెప్పెను. ఇంతటి నీచదేహమున నీకేమి సుఖమని మహర్షి మరల నడుగగా, ఏ దేహమున నున్న జీవునకు ఆ దేహపు సుఖములు గలవు, చచ్చుటకు మనసొప్పదని చెప్పెను. వ్యాసుడు దానిని పరిహసింపలేదు. దారి చూపెను. 2022లో లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కీటకములకు బాధ కలుగునా యని ఎనిమిది లక్షణములు పెట్టి పూర్వపరిశోధనలను పరిశీలించిరి. బొద్దింకల వర్గమునందు ఆరు లక్షణములకు తగిన యాధారములు కనబడెనని వ్రాసిరి. ఇది సంపూర్ణ నిరూపణ గాదని వారే యనిరి. ఐనను, బండి త్రోవలోని పురుగు పలికిన పలుకు కవికల్పన మాత్రమే యని త్రోసివేయువారు ఇక కొంత తడబడవలసియుండును.

ఇంతవరకు బాలుని పక్షమున మాటలాడితిని. ఇక వానిని అడుగవలసినది గలదు.

భాగవతము పంచమస్కంధమునందలి భరతుని చరిత్ర మనకందరకు తెలిసినదే. పోతనగారి భాగవతమున ఈ స్కంధమును తెనిగించినవాడు గంగన. ఋషభుని కుమారుడగు భరతుడు రాజ్యము విడిచి గండకీనదీతీరమున పులహాశ్రమమున హరిని అర్చించుచుండెను. సాలగ్రామములు పుట్టు నది యది. ఒకనాడు చూలుతోనున్న లేడి నీరు త్రాగుచు సింహగర్జన విని బెదరి దూకగా గర్భము జారి పిల్ల నీటబడెను, తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచెను. ఇంతవరకు దోషమేమి? అనాథ ప్రాణిని ఎత్తుకొనుట దోషమని ఏ పౌరాణికుడు చెప్పును? ఆపై జరిగినది చూడుడు. నియమము లొక్కొక్కటిగ జారిపోయెను. పూజ నడుమ లేచి లేడిపిల్ల యెచ్చట నున్నదో చూచి వచ్చుచుండెను. కనబడకున్న ధనము పోయిన లోభివలె విలపించెను. తుదకు దానినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. రాజ్యమును, భార్యాపుత్రులను గడ్డిపోచవలె విడిచినవానిని ఒక లేడిపిల్ల కట్టివేసెను.

లేడిపిల్ల అందమైనది, బొద్దింకపై మమకారమేమి పుట్టునని తలపకుడు. న్యూయార్కు నగరమునందలి బ్రాంక్సు జంతుప్రదర్శనశాలవారు 2011లో ఒక వేడుక మొదలుపెట్టిరి. ఫిబ్రవరిలో ప్రేమికుల దినమున విరాళ మిచ్చినవారు తమ ప్రియులపేరు ఒక మడగాస్కరు బొద్దింకకు పెట్టించవచ్చును. ఇది హాస్యమునకు చేసినదే. వచ్చిన ధనము వన్యప్రాణుల రక్షణకు పోవును. ఐనను మనుష్యుడు దేనికైనను పేరు పెట్టి నాదనుకొనగలడని దీనివలన తెలియుచున్నది. ఆ గాజుపెట్టె లోనివానికి ఆ బాలుడును పేర్లు పెట్టెనని బామ్మగారు చెప్పిరి. మమకారమునకు అందముతో పనిలేదు. ‘నాది’ యను రెండక్షరములు చాలును.

పెంపకమున నిజమైన కష్టము ఇచ్చట పుట్టుచున్నది. పెట్టెలో ఆడువి, మగవి కలిసియున్నచో ఏడాది తిరుగకమున్నే పదులు నూరులగును. అప్పుడేమి చేయుదురు? కొందరు ఇతరులకిత్తురు. కొందరు బల్లులను, తొండలను పెంచువారికి మేతగా అమ్ముదురు. నిజమునకు ఆ దేశములందు బొద్దింకలను పెంచువారిలో అనేకులు మేతకొరకే పెంచుచున్నారు. దక్షిణ అమెరికాకు చెందిన దుబియా యను జాతి ఇందులకు ప్రసిద్ధము. ఒకే జాతి ప్రాణి యొక పెట్టెలో ముద్దుబిడ్డ, పక్కపెట్టెలో భోజనము. మరికొందరు మిగిలినవానిని శీతలపెట్టెలోనుంచి గడ్డకట్టించి చంపుదురు. బాధ తక్కువ యని వారి సమాధానము. కావచ్చును. కాని అవి తమంతట తాము పుట్టలేదు. మన వేడుక వానిని పుట్టించినది. వంటింట చీపురుక్రింద పడినదానియెడ మన ఋణమొకటి. మనమే పుట్టించి, మనమే చాలునన్నదానియెడ ఋణము దానికి ఎన్నియో రెట్లు. ఈ భేదమును పెంచువారు తరచుగ తలపరు.

మరి విడిచిపెట్టరాదా? రాదు. మడగాస్కరు అడవి ఆ యింటి పెరటిలో లేదు. చలికి కొన్ని చచ్చును. వెచ్చని నేల దొరికిన మిగిలినవి పెరిగి అచ్చటి ప్రాణుల మేతను హరించును. ఫ్లోరిడా రాష్ట్రమున ఈ జాతిని ఉంచుకొనుటకు అనుమతిపత్రము కావలెను. అడవినుండి కాక, తరతరములుగ పెట్టెలలోనే పుట్టినదానికి పెట్టెయే లోకము, పెంచువాడే వాన, వాడే ఋతువు. ఇట్టి పరతంత్రజీవికి స్వేచ్ఛ నిచ్చితినని తలుపు తెరచుట దయ గాదు, బరువు దించుకొనుట.

కావున పారవేయించుట తగదని బామ్మగారికి నా మనవి. పారవేసినచో పిల్లవాడు నేర్చునది యేమి? రోత పుట్టించునది బ్రతుకదగదని. అంతకంటె పెట్టెయే మేలు. కాని పెట్టె యుండవలెనన్న కొన్ని షరతులు వానిచేత ఒప్పించుకొనవలెను. మొదటిది సంతానము పెరుగనీయకుండుట. మగవానికి కొమ్ముబుడిపెలుండును గనుక వేరుచేయుట కష్టము గాదు. మగవి పోరాడుకొనును గాని గాయపరచుకొనుట అరుదు. దాగుటకు తావులు కావలసినన్ని యుంచిన చాలును. ఉన్నవి తమ ఆయువు తీరువరకు సుఖముగ నుండనిచ్చి, క్రొత్తవానిని కొనకుండుట మంచిదని నా అభిప్రాయము. కొన్నకొలది అమ్మువాడు మరికొన్నిటిని పుట్టించును. దీని నెల్లవారు అంగీకరింపరని యెరుగుదును.

వినోదమునకు గోటితో గుచ్చి బుస వినుట, మిత్రులకు చూపుటకు కొమ్ములవానిని పోరునకు దింపుట, ఇవి యుండరాదు. అణిమాండవ్యుని కథ పిల్లలకు చెప్పుడు. బాల్యమున పురుగుల తోకలయందు గడ్డిపోచ గ్రుచ్చిన దోషమునకు మహర్షి శూలమున నిలువవలసి వచ్చెను. అంత చిన్న తప్పునకు ఇంత శిక్షయా యని ఆయన యమధర్మరాజును శపించి, పదునాలుగేండ్లలోపు బాలుర చేతలకు పాపము లేదని కట్టడి చేసెను. పదునొకండేండ్లవాడు ఆ కట్టడిచే రక్షితుడే. ఐనను ఆ పురుగునకు కలిగిన నొప్పి ఆ కట్టడివలన తగ్గలేదని కూడ వానికి చెప్పవలెను.

పరీక్షలు వచ్చినప్పుడు, స్నేహితులు క్రొత్త వేడుక చూపినప్పుడు, పెట్టె కంపు గొట్టినప్పుడు ఎవరు కడుగుదురు? పెంపకమున దయ యెంత, ముచ్చట యెంత యనునది ఆనాడు తేలును. పెట్టెలో నొకటి చచ్చినప్పుడు పిల్లవాడు ఏడ్చిన ఏడ్వనిండు. కాని ఆ సాయంకాలము తక్కినవానికి నీరు పెట్టుట మరచెనా, దానిని మాత్రము గమనింపుడు. భరతుని పతనము కన్నీటితో మొదలు కాలేదు, నియమము తప్పుటతో మొదలైనది.

భరతుని చరిత్ర లేడిజన్మతో ముగియలేదని చాలమంది మరతురు. మూడవజన్మమున ఆయన విప్రుడై పుట్టి, మరల సంగము తగులునేమోయని జడునివలె, చెవిటివానివలె సంచరించెను. సింధుసౌవీరాధిపతియగు రహూగణుడు పోవుచుండగా పల్లకిమోయువారు ఒకడు తక్కువై, దారినబోవు ఈ జడభరతుని పట్టుకొని బొంగు భుజముపై పెట్టిరి. పల్లకి ఎగుడుదిగుడుగ సాగుచుండెను. రాజు కోపించి నిష్ఠురములాడెను. పల్లకి కుదుపునకు కారణ మేమి? ఆయన బాణమంత దూరము ముందు నేలను చూచుచు, కాలిక్రింద పురుగులు పడకుండ అడుగు తప్పించి నడచుచుండెను. తక్కినవారి నడకతో ఆయన నడక కలియలేదు.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నేను కొంతసేపు ఆగుదును. ఒక ప్రాణిపై మమకారముచే రెండు జన్మములు చెడినవాడు మూడవజన్మమున ప్రాణులనే వదలుకొనియుండవలెను గదా! ఇక నాకేల ఈ దయ యని కన్నులు మూసికొని నడువవలెను గదా! అట్లు చేయలేదు. దయ యొక్క రేణువైనను తగ్గలేదు. ఆ చీమలలో, పురుగులలో ఏదియు ఆయనది గాదు. దేనికిని పేరు లేదు. మరల కనబడదు. రాజు తిట్టుచున్నను, భుజము నొచ్చుచున్నను, ఆ పేరులేనిదానికొరకు అడుగు ప్రక్కకు పడుచున్నది. లేడిపిల్లను ఒడిలో పెట్టుకొన్న చేతులకును, ఈ పాదములకును నడుమ ఒక జన్మపు దూరము గలదు. ఆ బాలుడు ప్రస్తుతము ఒడివద్ద నున్నాడు. వాని పెట్టె లోనివే గాక, పాఠశాల మెట్లపై పోవు పేరులేని పురుగును చూచి కాలు ప్రక్కకు తీయునా యని బామ్మగారు గమనించిన, నన్నడిగిన ప్రశ్నకు నాకంటె మంచి సమాధానము వారికే దొరకును.

వారు పోవుచు మరియొక సంశయ మడిగిరి. తళిగకు తరిగిన కూరగాయల తొక్కలను వాడు వచ్చి యడుగుచున్నాడట. పెరుమాళ్ళకు ఆరగింపు కాకముందే ఇవ్వవచ్చునా యని. తొక్కలు నివేదనకు గావు గనుక ఇవ్వవచ్చును, ఐనను తరిగినచోటినుండి వాడు తీసికొనక, వారే వేరొక గిన్నెలోనుంచి గడపయవతల ఇచ్చుట మంచిది. ఆరగింపైన పండ్లలోని ముక్కయు పెట్టవచ్చును. భూతయజ్ఞమునకు అది విరుద్ధము గాదు. కారెట్టు, అరటి, దోస, ఆపిలు పనికివచ్చును. కడిగి పెట్టవలెను, మందుల తడి వానికి విషము. ఉప్పుకారములు తగిలినవి వలదు. మరునాటి యుదయమున మిగిలినదానిని తీసివేయవలెను. లేనిచో బూజు పట్టును.